సూది బెజ్జం మొనకు చేరిన కథ: కుట్టుమిషను పుట్టుపూర్వోత్తరాలు

కుట్టుమిషను ఎవరు కనిపెట్టారంటే కొందరు ఎలియాస్ హోవే పేరు చెబుతారు, చాలామంది సింగర్ అంటారు. నిజానికి దాని పుట్టుకను ఒక మనిషికి కాక ఒక ఆలోచనకు ముడిపెట్టడమే న్యాయం. చెయ్యి కుట్టినట్టే యంత్రం కుట్టాలన్న పట్టుదల వదిలాకే ఆ యంత్రం సాధ్యపడింది. చేతికుట్టులో సూది గుడ్డలోంచి పూర్తిగా అవతలికి పోవాలి. వేళ్లు దాన్ని అందుకుని, దారమంతా లాగి, తిప్పి ఇవతలికి పంపాలి. 1842లో కుట్టుమిషనుకు అమెరికాలో తొలి పేటెంటు పొందిన జాన్ గ్రీనఫ్ యంత్రానికి నేర్పబోయింది సరిగ్గా ఇదే. రెండు కొసలా మొన, నడుమ బెజ్జం ఉన్న సూదిని పట్టకార్లు అటూ ఇటూ లాగేవి. సూదికి ఎక్కించిన దారం అయిపోతే కుట్టు ఆగిపోయినట్టే. ఆ దారి ముందుకు సాగలేదు.

మరి ఫ్రెంచి దర్జీ బార్తెలెమీ తిమోనియే చేతిపనినే అనుకరించి నెగ్గాడు కదా అని అడగవచ్చు. 1830లో ఆయన పేటెంటు పొందాడు. ప్యారిస్‌లో 80 మిషన్లు సైనికుల దుస్తులు కుట్టేవి. పొట్ట కొడతాయన్న భయంతో 1831లో దర్జీలు వాటిని ధ్వంసం చేశారు. అయితే ఆయన అనుకరించింది మామూలు కుట్టును కాదు. మన మగ్గం వర్క్‌లో ఆరి సూది చేసే పని లాంటిదాన్ని ఎంచుకున్నాడు. కొక్కెం సూది గుడ్డలోకి దిగి, దారాన్ని ఉచ్చుగా పైకి లాగుతుంది తప్ప అవతలికి పోదు. కాబట్టి ఆయన విజయం కూడా నా వాదనకే బలం. కాకపోతే అది ఒంటిదారపు గొలుసు కుట్టు. కొస పట్టి లాగితే వరసంతా ఊడివస్తుంది.

ఆ లోపాన్ని తీర్చింది సూది మొనకు చేరిన బెజ్జం, దానికి తోడైన రెండో దారం. 1834 ప్రాంతంలో న్యూయార్క్‌లో వాల్టర్ హంట్ ఈ రెండు దారాల కుట్టు సాధించాడు గానీ పేటెంటు తీసుకోలేదు. 1846లో హోవే తీసుకున్నాడు. గుడ్డలో దిగిన సూది తిరిగి లేవబోతుండగా, రాపిడికి దారం వెనకబడి సూది పక్కన చిన్న ఉచ్చుగా ఉబ్బుతుంది. అదే అదనుగా రెండో దారం మోసే నాడె ఆ ఉచ్చులోంచి దూరిపోతుంది. సూది పైకి లేచేసరికి దారాలు రెండూ గుడ్డ మందంలో మెలిపడి బిగుస్తాయి. ఒంటి సూది పట్టిన చెయ్యి వేసే కుట్టు కాదిది.

అలాగైతే ఘనతంతా హంట్‌దే, మిగిలినవి మెరుగులే కదా అంటే ఒప్పుకోలేం. కుట్టు కుదిరినా గుడ్డ కదలాలిగా! హోవే మిషనులో గుడ్డను ముళ్ల రేకుకు గుచ్చి నిలువుగా వేలాడదీయాలి. రేకు చివరికి రాగానే ఆపి మళ్లీ గుచ్చుకోవాలి. గుడ్డ ఆగకుండా సాగే పద్ధతికి 1849లో జాన్ బాచెల్డర్ పేటెంటు పొందాడు. 1851లో సింగర్ నిలువు సూదినీ, బల్లనూ, గుడ్డను అదిమిపట్టే పాదాన్నీ ఒక్కచోట కూర్చాడు. 1854లో అలెన్ విల్సన్ సూది కింద గుడ్డను పట్టే పళ్లకు నాలుగు కదలికలు నేర్పాడు: పైకి లేచి, గుడ్డను ముందుకు జరిపి, కిందికి దిగి, వెనక్కి రావడం. ఇక్కడా చేతిపద్ధతి తలకిందులైంది. చేతికుట్టులో గుడ్డ వెంట సూది నడుస్తుంది, మిషనులో సూది కిందుగా గుడ్డ నడుస్తుంది. ఈ ముక్కల హక్కులు వేర్వేరు చేతుల్లో ఉండిపోయాయి. అందుకే కోర్టుల్లో కొట్లాడుకున్న హోవేతో పాటు సింగర్, వీలర్ అండ్ విల్సన్, గ్రోవర్ అండ్ బేకర్ కంపెనీలవారు 1856లో పేటెంట్లను ఒక్కచోట కలిపి, వాటిని వాడుకున్నవారి నుంచి రుసుము వసూలు చేశారు. కుట్టుమిషను ఏ ఒక్కరి సొత్తూ కాదని హక్కుదారులే అలా కాగితం మీద ఒప్పుకున్నారు.