నూలు మిల్లు నుంచి గ్రామఫోను ప్లేటు దాకా

ఈ దేశపు కంట్రీ సంగీతమనగానే మనకు నాష్‌విల్ పేరే తోస్తుంది. ఆ ఊరికి అంత ప్రఖ్యాతి రాకముందే నార్త్ కరోలినాలో స్ప్రే అనే మిల్లు ఊరి నుంచి ఒక మేళం బయలుదేరింది. పేరు నార్త్ కరోలినా రాంబ్లర్స్. ప్లేట్లకు పాడింది అయిదారేళ్ళే. అయినా దాని కథ మనం తెలుసుకోదగ్గది.

నాయకుడు చార్లీ పూల్ 1892లో పుట్టాడు. బట్టల మిల్లుల్లో పనిచేసి బతికినవాడు. బేస్‌బాల్ ఆడుతూ వేళ్ళు విరిగితే అవి వంకరగానే అతుక్కున్నాయనీ, ఆ వేళ్ళతోనే బాంజో మీటుతూ తనదంటూ ఒక బాణీ ఏర్పరచుకున్నాడనీ చెబుతారు. ఫిడేలు పోసీ రోరర్‌ది. ఆయన చెల్లెలో అక్కో పూల్ ఇల్లాలు. గిటారు నార్మన్ వుడ్లీఫ్‌ది.

1925 జులైలో ముగ్గురూ న్యూయార్కు వెళ్ళి కొలంబియా కంపెనీకి నాలుగు పాటలు పాడారు. వారికి ముట్టింది 75 డాలర్లు. మొదటి ప్లేటు మాత్రం లక్షకు పైగా అమ్ముడుపోయింది! లాభం ఎటు పోయిందో వేరే చెప్పనక్కరలేదు. 1926లో రైల్వే పనివాడు రాయ్ హార్వే గిటారుకు కుదిరాడు. ఆ ఏడే, 1901లో జరిగిన మెకిన్లీ అధ్యక్షుడి హత్యపై పాటను రికార్డు చేశారు. 1928లో డబ్బు తగాదాతో రోరర్ విడిపోయాడు.

1931లో హాలీవుడ్ నుంచి సినిమాకు వాయించమని పిలుపు వచ్చింది. ఆ సంబరంలో వారాల తరబడి తాగి, బయలుదేరకుండానే మే 21న పూల్ కన్నుమూశాడు. వయసు 39.

తాగుడే ఈ మేళాన్ని ముంచిందని సాధారణంగా అంటారు. మేము అలా అనుకోము. తాగుడు మనిషిని తీసుకుపోయిన మాట నిజమే. కాని కొలంబియాకు ఆయన చివరిసారి పాడింది 1930 సెప్టెంబరులో, అంటే చావుకు ఎనిమిది నెలల ముందే. 1929 మార్కెట్ పతనంతో మిల్లు కూలీల, రైతుల చేతుల్లో డబ్బు ఆడలేదు. ఆ ప్లేట్లు కొన్నవారు వారే. కొనేవాడి జేబు ఖాళీ అయితే పాడేవాడి గొంతు ఎంత బాగున్నా ఏం లాభం?

ప్లేట్లు మాత్రం మిగిలాయి. 1952లో హారీ స్మిత్ కూర్చిన జానపద సంకలనంలో మెకిన్లీ పాట చేరింది. పూల్ స్మృతిగా లౌడన్ వెయిన్‌రైట్ చేసిన ఆల్బముకు 2010లో గ్రామీ వచ్చింది. 1967లో స్ప్రే పొరుగూళ్ళతో కలిసి ఈడెన్ అయింది. ఆ దారిన కారులో వెళ్ళే మిత్రులు ఒక పాటైనా పెట్టుకుని వినవలసిందిగా మా మనవి. అలసిన కూలివాడి సాయంకాలం అందులో వినబడుతుంది.