లెక్కలోకి వచ్చిన తుప్పలు

1856లో బర్మాలోని పెగూ అడవుల బాధ్యత తీసుకున్న జర్మన్ వృక్షశాస్త్రవేత్త డీట్రిచ్ బ్రాండిస్ అక్కడి టేకు చెట్లను లెక్కపెట్టించాడు. లావును బట్టి వాటిని తరగతులు చేసి, ఏడాదికి ఎన్ని కొడితే అడవి తరిగిపోదో తేల్చాడు. 1864లో ఆయన భారతదేశానికి మొదటి అటవీ ఇన్‌స్పెక్టర్ జనరల్ అయ్యాక, ఆ ఆలోచనే ఇక్కడి వర్కింగ్ ప్లాన్లకు, అంటే ఎక్కడ ఎంత కొట్టాలో చెప్పే అటవీ ప్రణాళికలకు, పునాది అయింది. విచ్చలవిడి నరికివేతకు అది నిజంగానే అడ్డుకట్ట. కాని కలప ఇవ్వనిదానికి ఆ లెక్కలో చోటు తక్కువ.

అడవిని కూపులుగా పంచి వంతులవారీగా కొట్టించేవారు. చెట్టు ఎదుగుదలకు అడ్డమని తీగలు కోయించడం మామూలు పని. ఆ తీగల్లో, మోడుల తొర్రల్లో బతికే ప్రాణుల గురించి ఆలోచించినవారు అరుదు.

స్వాతంత్ర్యం తర్వాతా ఈ చూపు త్వరగా మారలేదు. 1975లో ఆంధ్రప్రదేశ్‌లో అటవీ అభివృద్ధి సంస్థ ఏర్పడి జామాయిల్ తోటలు పెంచింది. మరుసటి ఏడాది జాతీయ వ్యవసాయ కమిషన్ కూడా ఉత్పత్తి అడవులకే పెద్దపీట వేసింది.

ఆ తర్వాతి దశాబ్దంలో కడప జిల్లా తుప్పల అడవి ఒక పాఠం చెప్పింది. 1900 నుంచి ఎవరికీ కనిపించని కలివికోడి, 1986 జనవరిలో రెడ్డిపల్లె దగ్గర స్థానికుల సాయంతో దొరికింది. రాత్రిళ్లు తిరిగే ఈ పిట్ట ఉండేది టేకు వనంలో కాదు, కలప వ్యాపారి కన్నెత్తి చూడని ముళ్లపొదల మధ్య. రెండేళ్లకే దాని కోసం లంకమల్లేశ్వర అభయారణ్యం వెలిసింది.

1988 జాతీయ అటవీ విధానం పర్యావరణ సమతుల్యతను ముందుంచి, రాబడిని వెనక్కి నెట్టింది. 1996లో అడవుల రక్షణకు సంబంధించిన గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు, కేంద్రం ఆమోదించిన వర్కింగ్ ప్లాన్ లేనిదే చెట్టు కొట్టకూడదంది. 2002లో జీవవైవిధ్య చట్టం వచ్చింది. 2014 జాతీయ వర్కింగ్ ప్లాన్ కోడ్ జీవవైవిధ్యాన్ని కాపాడి పెంచడాన్ని ప్రణాళిక లక్ష్యాల్లో చేర్చింది. కలప లెక్కతో మొదలైన ప్రణాళికకు ఇది చిన్న మార్పు కాదు.

అయితే లక్ష్యం రాయడం వేరు, పొదలను చదవడం వేరు. కలివికోడికి పొదలు మరీ దట్టంగా ఉన్నా పనికిరాదు, మరీ పలచబడినా పనికిరాదు. నడుమ పరుగెత్తడానికి ఖాళీ నేల కావాలి. పచ్చదనం పేరిట ఆ ఖాళీల్లో మొక్కలు నాటితే దాని ఇల్లే పోతుంది.