ఒకే తుపాకి, అన్ని వేటలు: వలసకాలపు భారతదేశంలో రైఫిల్ కేలిబర్ ఎంపిక

ప్రబంధకవుల మృగయావర్ణనల్లో వేట సామూహిక కార్యం. విల్లు, ఈటె, వల, వేటకుక్క ఎవరి పని వారు చేస్తాయి. పెద్దన స్వరోచిని వేటకు పంపినా, ధూర్జటి తిన్నని అడవిలో తిప్పినా, ఏ ఒక్క సాధనమో అన్ని మృగాలకూ చాలుతుందన్న ఊహ ఆ కవులకు లేదు. ఆ ఊహ రైఫిల్‌తో వచ్చింది. దుప్పికీ పులికీ, అవసరమైతే అడవిదున్నకూ ఒకే తుపాకి చాలాలంటే దాని గొట్టపు లోవ్యాసం ఎంత ఉండాలి? 20వ శతాబ్ది పూర్వార్ధంలో ఈ ప్రశ్నకు దొరికిన జవాబులనూ, వాటి వెనుక నిలిచిన చట్టాన్నీ పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కేలిబర్ అన్న మాటకు మూలం అరబ్బీ 'ఖాలిబ్' (అచ్చు) అని నిఘంటుకారులు ఎక్కువగా అంగీకరిస్తారు. కొలత పేరే అయినా అది ఎల్లప్పుడూ నిజమైన కొలతను చెప్పదు. ఆంగ్లేయులు .275 రిగ్బీ అన్నది జర్మనుల 7 మిల్లీమీటర్ల మౌజర్ తూటాయే. అంగుళాల్లోకి మారేసరికి కొత్త వస్తువన్న భ్రమ కలిగింది.

ఆ .275ను లోకానికి పరిచయం చేసినవాడు జిమ్ కార్బెట్. 436 మందిని పొట్టన పెట్టుకున్నదని చెప్పే చంపావత్ ఆడపులిని 1907లో చంపినందుకు ఆయనకు లభించిన కానుక ఈ రైఫిల్. సుమారు 140 గ్రెయిన్ల గుండు. వేగం ఎక్కువ, తన్ను తక్కువ. 1930లో చౌగఢ్ ఆడపులి ఎదురైనప్పుడు ఆయన ఎడమచేతిలో పక్షిగుడ్లు ఉన్నాయి. తుపాకిని కుడిచేత్తోనే తిప్పి కాల్చవలసి వచ్చింది. బరువైన జంటగొట్టాల తుపాకి అయితే ఆ కథ రాయడానికి కార్బెట్ మిగిలేవాడు కాడేమో. అయితే చిన్న గుండు గురి తప్పితే దాని ఫలితాన్ని వేటగాడు కాక పల్లె అనుభవిస్తుంది. చంపావత్ పులి కుడివైపు కోరలు ఏనాటిదో తుపాకి గాయానికి విరిగిపోయాయనీ, సహజమైన ఎరను పట్టలేకనే అది మనుషులపై పడిందనీ కార్బెట్ స్వయంగా నమోదు చేశాడు. కేలిబర్ చర్చను కేవలం అభిరుచి వ్యవహారంగా చూడరాదనడానికి ఈ ఒక్క సాక్ష్యం చాలు.

1910లో సికింద్రాబాద్ బొల్లారంలో జన్మించిన కెన్నెత్ ఆండర్సన్ ఎంపిక దీనికి భిన్నం. ఆయన నమ్ముకున్నది .405 వించెస్టర్: 300 గ్రెయిన్ల గుండు, సెకనుకు సుమారు 2,200 అడుగుల వేగం. చిత్తూరు జిల్లా చామల లోయ వంటి దట్టమైన అడవిలో కొద్ది గజాల దూరాన పులిని నిలువరించడానికి అది తగిన ఆయుధం. బయలులో దూరాన మేసే జింకపై గురిపెడితే మాత్రం గుండు త్వరగా కిందికి జారుతుంది. అమెరికా మాజీ అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ ఇదే తుపాకిని సింహాలకు మందు అన్నాడు. ఔషధానికీ తుపాకి పొడికీ ఒకే మాట గల తెలుగువారికి ఆ చమత్కారం వివరించనక్కరలేదు.

ఈ రెండింటి నడుమ అన్నింటికీ పనికివచ్చే తూటాగా నిపుణులు మెచ్చినది 1912లో వచ్చిన .375 హాలండ్ అండ్ హాలండ్. ఖరీదు దృష్ట్యా అది సామాన్య వేటగానికి అందలేదు.

ఎంపికను నిర్ణయించినది గుండు బరువు కన్నా ప్రభుత్వ భయమేనని నా అభిప్రాయం. మార్టినీ హెన్రీ సైనిక తుపాకుల మందుగుండు తిరుగుబాటుదారులకు ఉపయోగపడుతుందన్న శంకతో 1907 ప్రాంతంలో భారతదేశంలోకి .450 రైఫిళ్ల దిగుమతిని నిషేధించారు. .470, .465 వంటి కొత్త కొలతలు ఆ నిషేధపు సంతానమే. సైన్యపు .303 కూడా పౌరులకు నిషిద్ధమే. 1878 ఆయుధచట్టం కింద భారతీయునికి లైసెన్సు తప్పనిసరి కాగా ఐరోపావారికి మినహాయింపు ఉండేది. ఈ శంక ఆధారం లేనిదని చెప్పలేము. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాల నుండి తుపాకులతో పాటు తూటాలనూ తరలించింది. తూటా లేని తుపాకి కర్రతో సమానమని ఏలినవారికీ, ఎదిరించినవారికీ సమానంగా తెలుసు.

నిషేధాల మధ్య పౌరులకు మిగిలిన దారుల్లో .315 ఒకటి. ఆస్ట్రియా సైన్యపు పాత 8 మిల్లీమీటర్ల మాన్లిచర్ తూటాకు అది భారతీయ రూపం. ఇషాపూర్ కర్మాగారం ఆ కొలతలో రైఫిళ్లు తయారుచేసింది. తూటా కూడా స్వదేశంలో తయారు కావడమే దాని ప్రధాన బలం. గుణంలో దానికన్నా మేలైనవి చాలా ఉన్నాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటకు తెరదించిన తరువాతా ఆత్మరక్షణ పేరిట లైసెన్సుదారుల ఇళ్లలో నిలిచిన రైఫిళ్లలో .315 ఒకటి.