రైతు సాయం ఎవరికి ముట్టింది? జాబితా చూసే హక్కు ఊరందరిదీ

సేద్యానికి సర్కారు ఇచ్చే సాయం ప్రజాధనం. అది ఎవరి ఖాతాలో జమ అయిందో తెలుసుకునే హక్కు ప్రతి పౌరునికీ ఉంది. అయినా తమ ఊరి జాబితా ఎక్కడ దొరుకుతుందో, అందులో తప్పు దొర్లితే ఎవరిని అడగాలో పలువురు రైతులకు నేటికీ తెలియదు.

చట్టం ఏమంటోంది?

2005 అక్టోబరు 12న అమల్లోకి వచ్చిన సమాచార హక్కు చట్టంలోని 4(1)(బి) సెక్షన్ ప్రకారం ప్రభుత్వ కార్యాలయాలు కొన్ని వివరాలను ఎవరూ అడగకముందే వెల్లడించాలి. సబ్సిడీ పథకాల అమలు తీరు, కేటాయించిన సొమ్ము, లబ్ధిదారుల వివరాలు వాటిలో ఉన్నాయి.

2019 ఫిబ్రవరి 24న ప్రారంభమైన పీఎం కిసాన్ పథకం కింద అర్హత గల భూయజమాని కుటుంబానికి ఏటా రూ.6,000 మూడు విడతలుగా అందుతుంది. ఆదాయపు పన్ను చెల్లించేవారు, వృత్తిలో ఉన్న వైద్యులు, న్యాయవాదులు అనర్హులు. అర్హుల జాబితాను గ్రామ స్థాయిలో ప్రకటించాలని, పేరు గల్లంతైన వారికి మొరపెట్టుకునే అవకాశం కల్పించాలని పథకం మార్గదర్శకాలే పేర్కొంటున్నాయి. పథకం వెబ్‌సైట్‌లోనూ గ్రామాల వారీ జాబితా చూడవచ్చు.

గోప్యత మాటున అక్రమాలు

తమిళనాడులో 2020లో లక్షలాది అనర్హులను ఈ పథకంలో చేర్చి సొమ్ము కాజేసిన ఉదంతం వెలుగుచూసింది. దళారులతో పాటు కాంట్రాక్టు సిబ్బందిపైనా చర్యలు తీసుకున్నారు. దేశవ్యాప్తంగా 20.48 లక్షల మంది అనర్హులకు రూ.1,364 కోట్లు చెల్లించినట్లు 2021 జనవరిలో వెల్లడైంది. వీరిలో సగానికి పైగా ఆదాయపు పన్ను చెల్లింపుదారులే. ఈ లెక్క బయటకు వచ్చిందీ సమాచార హక్కు దరఖాస్తుతోనే.

ఐరోపాలోనూ ఇదే చర్చ

ఐరోపా సమాఖ్యలో సేద్యపు సబ్సిడీలు పొందిన వ్యక్తులందరి పేర్లనూ తారతమ్యం లేకుండా ప్రచురించడం వ్యక్తిగత గోప్యతకు భంగమని అక్కడి న్యాయస్థానం 2010 నవంబరులో తీర్పునిచ్చింది. చిన్న మొత్తాలు పొందేవారి పేర్లను మినహాయించి, మిగిలిన వివరాలు వెల్లడించేలా 2013లో కొత్త నిబంధనలు తెచ్చారు.

మన దేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) సెక్షన్‌ను సవరించింది. దీంతో వ్యక్తిగత సమాచారం పేరిట వివరాల నిరాకరణ పెరుగుతుందన్న ఆందోళన ఉంది. అయితే లబ్ధిదారుల వివరాలు ప్రకటించాలన్న నాలుగో సెక్షన్ నిబంధన చెక్కుచెదరలేదు. ప్రజా ప్రయోజనం మిన్న అయినప్పుడు సమాచారం ఇచ్చే వీలు 8(2) సెక్షన్‌లో ఉంది. ఆధార్, బ్యాంకు ఖాతా నంబర్లు గోడకెక్కించనక్కరలేదు. పేరు, ఊరు, ముట్టిన సొమ్ము తెలిస్తే చాలు.

కౌలురైతు ఊసేది?

పీఎం కిసాన్‌కు భూమి హక్కే ప్రాతిపదిక. పొలం దున్నే కౌలురైతు పేరు ఆ జాబితాలో కనిపించదు. సాయం ఎవరికి చేరుతోందో, కష్టం ఎవరు పడుతున్నారో పోల్చి చూడాలన్నా జాబితా బయట ఉండవలసిందే.

ఎలా అడగాలి?

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005లో రూపొందిన నిబంధనల ప్రకారం సమాచార హక్కు దరఖాస్తుకు గ్రామ స్థాయిలో రుసుము లేదు. మండల స్థాయిలో రూ.5, ఆపై రూ.10. దారిద్ర్యరేఖకు దిగువనున్న వారికి ఉచితం. సమాధానం 30 రోజుల్లో రావాలి. రాకుంటే మరో 30 రోజుల్లోగా అదే శాఖలోని పై అధికారికి మొదటి అప్పీలు, అక్కడా న్యాయం జరగకుంటే 90 రోజుల్లోగా సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు చేసుకోవచ్చు.