వాన కబురులో మన తండా పేరు

ఇవాళ మన తండాలో వాన పడుతుందా? ఫోను తెరిస్తే జవాబు కనిపిస్తుంది. అయితే ఆ జవాబులో తండా పేరు చేరడానికి చాలా కాలం పట్టింది. సికింద్రాబాద్, హైదరాబాద్ హాస్టళ్లలో చదువుకుంటున్న మన యువతీ యువకులు ఆ చరిత్ర తెలుసుకోవాలి. ఎందుకంటే అందులో సగం పని ఇంకా మిగిలే ఉంది.

లదేణి నాటి వాన

మన పూర్వీకుల బతుకుదెరువు లదేణి. ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు వేసుకుని దక్కన్ అంతటా తిరిగేవారు. వానలు మొదలైతే నల్లరేగడిలో ఎద్దు కాలు దిగబడుతుంది, వాగు దాటనివ్వదు. అందుకే వానాకాలానికి ముందే గడ్డి, నీళ్లు ఉన్న చోట మకాం వేసేవారు. వాన ఎప్పుడొస్తుందన్నది అప్పుడు బాటకు సంబంధించిన ప్రశ్న.

1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు వచ్చింది. 1889 నాటికి ఆ దారి వరంగల్, డోర్నకల్ మీదుగా బెజవాడ చేరింది. ఎద్దులు మోసే సరుకు రైలుపెట్టెల్లోకి ఎక్కింది. లదేణి క్రమంగా ఆగిపోయింది. మనవాళ్లు అడవి అంచుల్లో, మిట్ట భూముల్లో తండాలు కట్టుకుని సేద్యానికి దిగారు. చాలా చోట్ల కాలువ లేదు, చెరువు లేదు, వానే ఆధారం. దాంతో వాన బాట ప్రశ్న పోయి విత్తనం ప్రశ్న అయింది. రోహిణి కార్తెలో దుక్కి, మృగశిరలో తొలకరి కోసం ఎదురుచూపు మన ఇళ్లలోనూ మొదలయ్యాయి. ఆషాఢంలో సీత్లా పండుగ, శ్రావణంలో తొమ్మిది రోజులు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచే తీజ్, రెండూ వానాకాలపు పండుగలే.

‘ఒకటి రెండు చోట్ల’ అంటే ఎక్కడ?

భారత వాతావరణ శాఖ 1875లో ఏర్పడింది. తెలంగాణకు సూచనలిచ్చే కేంద్రం సికింద్రాబాద్ పక్కనే, బేగంపేటలో ఉంది. రేడియోలో, పేపర్లో మనం ఏళ్ల తరబడి విన్నది ఆ కేంద్రం మాటే: ‘ఒకటి రెండు చోట్ల వర్షాలు’. ఆ మాటకు లెక్క ఉంది. ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో నాలుగో వంతుకు మించకుండా వాన పడితే ఒకటి రెండు చోట్ల అంటారు. సగం దాకా అయితే కొన్ని చోట్ల, ముప్పాతిక దాకా అయితే చాలా చోట్ల. జిల్లా మొత్తానికి అది సరైన మాటే. కానీ ఆ ఒక్క చోటు మన తండానా, పక్క ఊరా అన్నది అందులో ఉండదు.

పైగా తండాకు ప్రభుత్వ లెక్కల్లో సొంత ఉనికి ఉండేది కాదు. ఏదో ఊరికి శివారు, అంతే. 2018 పంచాయతీరాజ్ చట్టంతో 500, అంతకు మించి జనాభా ఉన్న తండాలు, గూడేలు గ్రామ పంచాయతీలయ్యాయి. ఆ ఏడాది ఆగస్టు 2 నుంచి తండా పేరు మీద బోర్డు లేచింది.

2024 సెప్టెంబర్ 1న మహబూబాబాద్ జిల్లా మరిపెడ మండలం సీతారాం తండాను ఆకేరు వాగు ముంచింది. ఇళ్లలోకి నీళ్లొచ్చి తిండిగింజలు, సామాన్లు పోయాయి. రెండు నెలలు తిరక్కముందే, అక్టోబర్ 24న, కేంద్ర పంచాయతీరాజ్ శాఖ, వాతావరణ శాఖ కలిసి గ్రామ పంచాయతీ స్థాయి సూచనలు మొదలుపెట్టాయి. ‘మేరీ పంచాయత్’ యాప్‌లో ఐదు రోజుల సూచన చూడవచ్చు. పంచాయతీ అయిన తండాకు ఇప్పుడు తన పేరుతోనే వాన కబురు వస్తుంది. 2018 నాటి గుర్తింపు లేకపోతే 2024 నాటి ఈ కబురు కూడా పక్క ఊరి పేరు మీదే వచ్చేది.

మిగిలిన సగం పని

పేరు వచ్చినంత మాత్రాన కొలత వచ్చినట్టు కాదు. 2025 మే నెలలో మొదలైన కొత్త భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ కూడా నేలను ఆరు కిలోమీటర్ల గడులుగా చూస్తుంది. ఒక గడిలో రెండు మూడు తండాలు ఉండవచ్చు. ఏ మలుపు దగ్గర వాగు పొర్లుతుంది, ఎంత వానకు బాట మునుగుతుంది, ఏ గట్టు మీద పిడుగులు ఎక్కువ పడతాయి అన్నవి ఆ యంత్రానికి తెలియవు. మన యాడీ బాపులకు తెలుసు. గోర్ బోలికి సొంత లిపి లేదు కాబట్టి అవన్నీ నోటి మాటగానే ఉన్నాయి. ఆ పెద్దలు పోతే అవీ పోతాయి.

అందుకే రెండు పనులు చేద్దాం. తండా బడిలో నిలువు గోడల డబ్బా ఒకటి ఆరుబయట పెట్టి, రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు నీటి ఎత్తు స్కేలుతో కొలిచి నోట్‌బుక్‌లో రాద్దాం. మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు లీటరు నీళ్లు. వాతావరణ శాఖ లెక్కలో భారీ వర్షం 64.5 మిల్లీమీటర్ల దగ్గర మొదలవుతుంది. అంటే ఎకరం మీద సుమారు 2 లక్షల 60 వేల లీటర్లు. రెండోది, సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు పెద్దలు చెప్పే వాన గుర్తులు, వాగు పొంగిన ఏళ్లు, నీళ్లు ఎంతదాకా వచ్చాయో తెలుగు లిపిలోనైనా రాసుకుందాం. అవి డబ్బా లెక్కతో కలుస్తాయో లేదో ఏటేటా చూద్దాం. కలిసినవి నిలుస్తాయి, కలవనివి కథలుగా మిగులుతాయి.

పదేళ్లు రాస్తే ఆ నోట్‌బుక్ తండా చరిత్ర అవుతుంది. అప్పుడు ఫోనులో ఎర్ర హెచ్చరిక వచ్చిన రాత్రి, ఎవరి ఇల్లు ముందు ఖాళీ చేయించాలో చెప్పడానికి తండాలో ఒకరైనా ఉంటారు.