ఒజ్జల నుంచి కోచింగ్ దాకా

చదువు చెప్పడానికి తెలుగులో ఉన్న మాటలను వరసగా పేరిస్తే, ఈ నేల మీద ఏయే భాషలు పెత్తనం చేశాయో తెలిసిపోతుంది. చదువు రావడానికి ఉన్న మాటల్లో మాత్రం మన ఇల్లే కనిపిస్తుంది.

మొదటి పెద్దరికం సంస్కృతానిది. ‘ఉపాధ్యాయుడు’ ప్రాకృతం మీదుగా వచ్చి ‘ఒజ్జ’ అయ్యాడు. గురువు పలికింది శిష్యుడు తిరిగి పలకడం ‘సంత’. ఒక్క సంతతోనే పట్టేసినవాడు ఏకసంథాగ్రాహి. ఒక్కసారి విని సినిమా పాట పాడేసే పిల్లనూ ఇవాళ అలాగే మెచ్చుకుంటాం.

తర్వాతిది వీధిబడి. ఇసుకలో వేలితో ‘ఓం నమః శివాయ సిద్ధం నమః’ అని రాయించేవారు. అదే నోట్లో నలిగి ‘ఓనమాలు’ అయింది. 1823లో బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ తన జిల్లాలో 533 బడులు లెక్కగట్టాడు. వాటిలో తెలుగు బడులు 226. తెలుగుకు వ్యాకరణం రాసిన ఆ మనిషి బడి లోపలి సంగతులూ రాసిపెట్టాడు. పొద్దున్నే అందరికంటే ముందొచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారట. రెండోవాడికి సున్నా. మూడోవాడికి చిన్న బెత్తం దెబ్బ, నాలుగోవాడికి రెండు. ఆ వెనక వచ్చినవాళ్లకు ఒక్కో దెబ్బ పెరిగేది.

ఆ వాత మన మాటల్లో ఇంకా మానలేదు. సంస్కృతంలో ‘శిక్ష’ అంటే నేర్పడం. ‘పెద్ద బాలశిక్ష’ పేరులో ఉన్నదీ ఆ అర్థమే. మన వాడుకలో అది దండనగా మారింది. ‘నీకు బుద్ధి చెప్తా’ అంటే పిల్లలు పరిగెత్తి దాక్కుంటారు. గుణపాఠం అంటే పడిన దెబ్బే గుర్తొస్తుంది.

మరో పెత్తనం ఉర్దూది. ‘తాలీం’ అంటే ఉర్దూలో చదువు. తెలుగులోకొచ్చిన తాలింఖానాలో మాత్రం కండలు పెంచారు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంతో మొదలైంది. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు అక్కడ శాస్త్రాలు ఉర్దూలో చదివారు. ఇంగ్లీషు క్లాసునూ ట్యూషన్‌నూ తెచ్చింది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి కాలేజీ చదువులకు తెలుగు పరిభాషను సమకూర్చింది. అయినా ఇప్పుడు వీధి వీధినా వినిపించేవి కోచింగ్, ర్యాంకు.

ఇన్ని మారినా నేర్చుకునేవాడి మాటలు కదల్లేదు. ఈత వస్తుంది, వంట వస్తుంది, లెక్కలు వస్తాయి. చదువు అబ్బుతుంది, ఒంటబడుతుంది, తలకెక్కుతుంది. బలవంతంగా ఈడ్చుకొచ్చేది కాదు విద్య, తనంతట తాను నడిచొచ్చి ఒంట్లో కలిసేది. ఇది ఏ పంతులూ చెప్పకుండానే మన భాషకు తెలుసు.

నేర్పేవారినీ నేర్చుకునేవారినీ ఒక్కచోట కూర్చోబెట్టే మాట ఒకటుంది: దిద్దడం. అక్షరాభ్యాసం నాడు పళ్లెంలో బియ్యం, ఒళ్లో పిల్ల, పిల్ల చూపుడువేలి మీద తాత చెయ్యి. చిన్న వేలూ పెద్ద వేలూ కలిసి బియ్యంలో ‘ఓ’ చుడతాయి. అక్షరం దిద్దుతాం, బొట్టు దిద్దుతాం, తప్పూ దిద్దుతాం. 1910లో గురజాడ తన కథకు పెట్టిన పేరు ‘దిద్దుబాటు’. దారి తప్పిన భర్తను చదువుకున్న భార్య తెలివితో దారికి తెచ్చిన కథ అది.

పిల్లలకు బుద్ధి చెప్పాలని చెయ్యెత్తిన ప్రతిసారీ ఈ మాట తలుచుకోవాలి. ఎత్తిన చేత్తోనే ఆ చిన్న వేలు పట్టుకుని దిద్దిస్తే చదువు వస్తుంది.