ఆటగాడి విశ్రాంతి: వృత్తి క్రీడల్లోకి యోగా ప్రవేశం

అమెరికాలోని వృత్తి బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్.బి.ఎ.లో 1967-68 నుంచి ఒక్కో జట్టు సీజన్‌కు 82 మ్యాచ్‌లు ఆడుతోంది. నడుమ మూడు నాలుగు సీజన్లు మాత్రమే ఇందుకు మినహాయింపు. ఈ రాత్రి ఒక నగరంలో ఆడితే, రేపు రాత్రి వెయ్యి కిలోమీటర్ల దూరంలో మరో ఆట ఉండవచ్చు. 1980వ దశకం చివరి వరకు ఎక్కువ జట్లు మనందరం ఎక్కే మామూలు విమానాల్లోనే తిరిగేవి. ఏడడుగుల రెండంగుళాల మనిషి ఆ సీటులో మోకాళ్లు ముడుచుకుని కూర్చోవడాన్ని ఒకసారి ఊహించుకోండి. ఆ మనిషి కరీం అబ్దుల్-జబ్బార్. 1969 నుంచి 1989 వరకు 20 సీజన్లలో 1,560 మ్యాచ్‌లు ఆడి, 42వ ఏట విరమించాడు. 1976 నుంచి ఆయన హఠయోగం సాధన చేశాడు. యోగా లేకుంటే అంతకాలం ఆడగలిగేవాణ్ణి కాదని తానే చెప్పాడు.

చరిత్ర విద్యార్థిగా ఈ మాట వినగానే మీకు రెండు ప్రశ్నలు రావాలి. అలసిన ఆటగాణ్ణి కోలుకునేలా చేసే సాధనంగా యోగా ఎప్పుడు, ఎలా మారింది? ఆ ఆటగాడి మాటను మనం ఎంతవరకు సాక్ష్యంగా తీసుకోవచ్చు?

మొదటి ప్రశ్నకు జవాబుగా చాలామంది "యోగా మొదటి నుంచీ అంతే కదా" అంటారు. అది సగమే నిజం. 15వ శతాబ్దానికి చెందినదిగా భావించే స్వాత్మారాముని 'హఠయోగ ప్రదీపిక' మొదటి అధ్యాయంలో శవాసనం ఉంది. అది అలసటను పోగొట్టి మనసుకు విశ్రాంతినిస్తుందని గ్రంథకర్త స్పష్టంగానే చెప్పాడు. అయితే అదే గ్రంథంలోని విపరీతకరణిని చూడండి. అక్కడది ముద్ర. తలకిందులుగా ఉండి శరీరంలోని అమృతాన్ని కాపాడుకునే సాధన అది. ఆరు నెలలు చేస్తే ముడతలు, నెరిసిన జుట్టు పోతాయని ఫలశ్రుతి. నేడు అదే పేరుతో క్రీడాకారులు చేసేది వేరు: గోడకు కాళ్లు ఆనించి, నడుము కింద దిండు పెట్టుకుని పది నిమిషాలు పడుకోవడం. పేరు నిలిచింది, ప్రయోజనం మారింది. ఆధునిక యోగా చరిత్రలో ఇలాంటివి మీకు తరచుగా కనిపిస్తాయి.

20వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో యోగాను జనం ముందుకు తెచ్చినవారు విశ్రాంతి గురించి పెద్దగా మాట్లాడలేదు. వలస పాలనలో బలహీనులమన్న నింద మోస్తున్న సమాజానికి బలప్రదర్శన కావలసి వచ్చింది. మన శ్రీకాకుళం ప్రాంతంలోని వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు ఊపిరి పూరించి ఛాతీకి కట్టిన ఇనుప గొలుసును తెంచేవాడు. తన శక్తికి ప్రాణాయామమే మూలమనేవాడు. 1930వ దశకంలో మైసూరు ప్యాలెస్ ఆశ్రయంలో తిరుమల కృష్ణమాచార్య బాలురకు చురుకైన ఆసనాలు నేర్పి ప్రదర్శనలు ఇప్పించేవారు. ఈ శైలిపై నాటి వ్యాయామ విద్య ప్రభావం చాలా ఉందని మార్క్ సింగిల్టన్ 2010లో 'యోగా బాడీ'లో వాదించాడు. దీనితో అందరు పండితులూ ఏకీభవించరు. ఆ ప్రభావం ఎంత అన్నదానిపై వాదన ఉండవచ్చు గాని, అసలు లేదనడం కష్టమని నా అభిప్రాయం.

మలుపు కృష్ణమాచార్య శిష్యుడు, ఆయన బావమరిది కూడా అయిన బి.కె.ఎస్. అయ్యంగార్ దగ్గర కనిపిస్తుంది. చిన్నతనమంతా జబ్బులతో గడిపిన మనిషి. 1937లో పుణె వెళ్లి అక్కడే స్థిరపడ్డారు. 1952లో వయొలిన్ విద్వాంసుడు యెహూది మెనూహిన్ భారతదేశ పర్యటనకు వచ్చినప్పుడు ఇద్దరికీ పరిచయమైంది. తీరిక లేని కచేరీలతో అలసిపోయి వచ్చిన ఆ విద్వాంసుణ్ణి పడుకోబెడితే నిద్రపోయాడని అయ్యంగార్ తరువాత చెప్పేవారు. మెనూహిన్ క్రీడాకారుడు కాడు. అయినా రోజుకొక ఊరు, చేతులు భుజాలతో గంటల తరబడి పని, రేపు మళ్లీ వేదిక ఎక్కవలసిన ఒత్తిడి — ఇవన్నీ వృత్తి ఆటగాడి కష్టాలే. 1966లో వెలువడిన అయ్యంగార్ గ్రంథం 'లైట్ ఆన్ యోగా'కు ముందుమాట రాసింది మెనూహినే. బల్లలు, పట్టీలు, కుర్చీలు, దిండ్లు ఆసరాగా ఇచ్చి, కండరం శ్రమించకుండానే ఆసనంలో ఉంచే పద్ధతిని అయ్యంగార్ పెంపొందించారు. నేటి విశ్రాంతి యోగా చాలావరకు ఆ దిండ్ల మీదే నడుస్తోంది.

ఇక రెండవ ప్రశ్న. మాంచెస్టర్ యునైటెడ్ ఫుట్‌బాల్ ఆటగాడు ర్యాన్ గిగ్స్ కూడా తొడ వెనుక కండరాల గాయాలతో ఇబ్బంది పడి యోగాను ఆశ్రయించాడు. 1991 నుంచి 2014 వరకు ఒకే క్లబ్బుకు 963 మ్యాచ్‌లు ఆడి, 40 ఏళ్ల వయసులో విరమించాడు. ఇలాంటి ఉదాహరణలు వినసొంపుగా ఉంటాయి. కానీ యోగా చేసి కూడా 30 ఏళ్లకే ఆట మానుకున్నవారి కథను ఎవరూ అడగరు, ఎవరూ రాయరు. నిలిచినవారి సాక్ష్యం ఒక్కటే మన చేతికి అందుతుందని గుర్తుంచుకోండి. పైగా కండరాలను సాగదీయడం వల్ల మర్నాటి నొప్పి తగ్గేది చాలా స్వల్పమేనని శాస్త్రీయ పరిశీలనలు చెబుతున్నాయి. అందుకే సీజన్ మధ్యలో జాగ్రత్తగల శిక్షకులు ఆటగాళ్ల చేత లోతైన భంగిమలు వేయించరు. నిశ్వాసాన్ని పొడిగించడం, ఆసరాతో పడుకోవడం, నిద్రకు సిద్ధం చేయడం — ఇంతే. ఆట ముగిసిన రాత్రి గుండె వేగం తగ్గక, నిద్ర పట్టక దొర్లే మనిషికి అది చిన్న సాయమేమీ కాదు.

అయితే అలసట ఎక్కడ నుంచి వస్తోందన్న సంగతి ఈ చర్చలో వెనక్కి పోతుంది. మ్యాచ్‌ల సంఖ్యను నిర్ణయించేది టికెట్లు, టెలివిజన్ హక్కుల ఆదాయం. కోలుకునే భారం మాత్రం ఆటగాడి దిండు మీద, అతని ఊపిరి మీద పడుతుంది. 2017-18 సీజన్‌కు ఎన్.బి.ఎ. ఆటలను కొంత ముందుగా ప్రారంభించి, అయిదు రాత్రుల్లో నాలుగు మ్యాచ్‌లు ఆడవలసిన పరిస్థితిని తొలగించింది. మ్యాచ్‌లు మాత్రం 82 గానే ఉన్నాయి.